ఇసుక మేసిన బాతులు

ముందుగా ప్రమాణం. నేను ఇక్కడ రాయబోయే ప్రతి అక్షరం నిజం. ఇరవై ఏళ్లకు పైగా కోళ్ల పొట్టలు కోసిన నా పోస్ట్‌మార్టమ్ కత్తెర మీద చెయ్యి వేసి చెబుతున్నాను, ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించింది లేదు. తాడేపల్లిగూడెంలో నన్నెరిగినవాళ్లు ఈ మాట చదివి పడిపడి నవ్వుతారని తెలుసు. అక్కడ నా పేరు చాలామందికి తెలియదు. కోతల డాక్టరంటే మాత్రం గుడ్ల లారీ డ్రైవరు కూడా మా ఇల్లు చూపిస్తాడు. ఎవరి పెట్టయినా రెండు సొనల గుడ్డు పెడితే టీ కొట్టు దగ్గర అది మూడు సొనలయ్యేది నా నోట్లోనే. ఆ సంగతి ఒప్పుకుంటాను. కానీ ఇది టీ కొట్టు కాదు, అచ్చులోకి వెళ్లే కాగితం.

అది 2022. జిల్లాలు విడిపోయి, కలిదిండి వాళ్లు అడ్రసులో కృష్ణా కొట్టేసి ఏలూరు అని రాసుకోవడం నేర్చుకుంటున్న రోజులు. రెండో పంట దాళ్వా కోతలు అయిపోయాయి. ఎండ మామూలుగా లేదు. నేను పౌల్ట్రీ కన్సల్టెంటుని. అంటే పశువైద్యం చదివి, ఉద్యోగంలో కుదురుకోలేక, గుడ్లు పెట్టే కోళ్ల ఫారాల చుట్టూ బండి మీద తిరుగుతూ మేతలో ఏం కలపాలో, ఏ టీకా ఎప్పుడు వెయ్యాలో చెప్పి బతికేవాణ్ణి. ఎండాకాలంలో కోళ్లు టపటపా రాలిపోతుంటాయి కాబట్టి మాకు తీరిక ఉండదు. అటువంటి మధ్యాహ్నం ఒకటి ఫోన్ మోగింది.

"బాతుల డాక్టరు గారాండీ?"

"కోళ్ల డాక్టర్నమ్మా."

"బాతులు మెడలు వాల్చేస్తన్నాయండీ. కోళ్లకి మాత్రం మెడలుండవా అండీ?"

ఇలా అడిగినావిడకి రానని చెప్పడం కష్టం. ఆవిడ పేరు కరుణమ్మ. ఆకివీడులో తవుడు అమ్మే ఒక కొట్టాయన నా నంబరు ఇచ్చాడట. ఉండి ఊరి మీదుగా ఆకివీడు దాటి, కలిదిండి వైపు చేపల చెరువుల మధ్య గట్టు రోడ్డు పట్టుకున్నాను. రెండు వైపులా చేపలకి గాలి అందించే ఏరేటర్లు నీళ్లు చిమ్ముతున్నాయి. ఐసు కరిగి కారుతున్న లారీలు ఎదురొచ్చినప్పుడల్లా బండి దింపి పక్కకు నిలబడాలి. చివరికి కొల్లేటి వైపు ఒక గట్టు మీద తాటాకు పాక, దాని పక్కన వల కట్టిన దొడ్డి, అందులో బాతులు.

ఆరోగ్యంగా ఉన్న బాతుల దొడ్డి దగ్గరికి కొత్తమనిషి వెళ్తే చెవులు చిల్లులు పడాలి. అక్కడ చప్పుడు లేదు. కొన్ని నిలబడే ఉన్నాయి గాని, రెక్కలు ఇంటి కప్పులా రెండు వైపులకూ జారిపోయి ఉన్నాయి. కొన్ని ముక్కు నేలకి ఆనించి పడుకున్నాయి. రెట్టలు పసరు పోసినట్టు పచ్చగా ఉన్నాయి.

కరుణమ్మకి యాభై దాటి ఉంటాయి. తెల్లటి నేత చీర, మెడలో నల్లదారానికి చిన్న శిలువ. భర్త అంతకు ముందు ఏడు కరోనాలో పోయాడు. ఆయన పెంచిన మంద ఇది. కోతలైన చేలల్లో తిప్పి, చేలు దున్నేశాక గట్టు మీదికి తెచ్చి పెట్టుకుంది. ఒక్కొక్క బాతునీ ఎత్తి చూపిస్తూ చెప్పింది.

"ఇది కలెక్టరండీ."

"ఏంటమ్మా?"

"దీని పేరేనండీ. ఆయన పెట్టేరు. ఇది ఎటెల్తే మిగతాయన్నీ ఫైళ్లట్టుకున్నట్టు ఎనకాలే ఎల్తాయి. ఇదే కూలబడిపోయిందండీ, ఇంక మిగతాయి ఏం నడుస్తాయి?"

బూడిద రంగు పెట్ట, మెడ చుట్టూ తెల్లటి పట్టీ. చేతిలోకి తీసుకుంటే రొమ్ము ఎముక కత్తి అంచులా తగిలింది.

నేను పరీక్ష చేస్తుంటే ఆవిడ తన వేళ్లు నా ముందు చాపింది. వైద్యం కోసం కాదు. "ఆయన ఉన్నప్పుడు చాలక, నేను ఏళ్ల తరబడి రొయ్యల షెడ్డులో తలకాయలు తీసేదాన్నండీ. పొద్దుట్నించీ ఐసులోనే చేతులు. గోళ్లు ఊడిపోయి ఏళ్లన్నీ పుండ్లు. బాతుల పని మీదేసుకున్నాకే ఆ షెడ్డు మానేశాను. చూడండి, గోళ్లు మొలిచాయి." నిజమే, గోళ్లు కొత్తగా, లేతగా, చిన్నపిల్లల గోళ్లలా ఉన్నాయి. "ఇయ్యి పోతే మళ్లీ ఆ షెడ్డుకే అండీ నేను."

మెడ వాల్చిన బాతుని చూడగానే మా పుస్తకాల్లో ముందొచ్చే పేరు బాటులిజం. చచ్చి కుళ్లిన చేపల్లోనూ వాటి మీది పురుగుల్లోనూ పుట్టే విషం అది. చెరువుల దేశంలో చచ్చిన చేపలకి కొదవా? నేను ఆ మాట అనేశాను కూడా. కానీ బాటులిజం గంటల్లో చంపుతుంది, ఎముకలు తేలేదాకా ఆగదు. డక్ ప్లేగ్ అనుకుందామంటే దానికి టీకా వేయించానని కరుణమ్మ చెప్పింది. పొద్దున చచ్చిన బాతు ఒకటి గోనె కింద ఉంది. బోర్లించిన తొట్టి మీద పాత పేపరు పరిచి కోశాను.

కందనకాయ కోసేటప్పుడు కత్తెర టిక్కుమంది. మామూలుగా పక్షి కందనకాయలో చిన్న చిన్న రాళ్లు ఉంటాయి, కత్తెరకి అవి తగలడం వింత కాదు. ఇది రాయి చప్పుడు కాదు. లోపలి పొర పచ్చబడి బీటలు తీసి ఉంది. అందులో జొన్న గింజంతవి, కందిబద్దంతవి, అరిగి నున్నబడిన బూడిదరంగు పూసలు. ఒకటి కడిగి పేపరు మీద గీశాను. పెన్సిలుతో గీసినట్టు గీత పడింది.

సీసం.

కరుణమ్మ నమ్మాలంటే బతికున్న బాతు కడుపులో కూడా చూపించాలి. కలెక్టర్ని సంచీలో పెట్టుకుని ఆకివీడులో మనుషులకి ఎక్స్‌రే తీసే ఒక సెంటరుకి తీసుకెళ్లాను. కంప్యూటరు ముందున్న అబ్బాయి తల ఎత్తకుండా అడిగాడు.

"పేషెంటు పేరండీ?"

"కలెక్టరు."

"అబ్బే, ఉద్యోగం కాదండీ, పేరు."

"పేరే. రాసుకోండి."

"వయసు?"

"రెండు."

"ఆడా, మగా?"

"ఆడ."

"పాప ఎక్కడుందండీ మరి?"

సంచీ తెరిచాను. అబ్బాయి కాసేపు బాతునీ నన్నూ మార్చి మార్చి చూసి, లోపలికి తీసుకెళ్తూ, "ఊపిరి బిగబట్టమని మీరే చెప్పండి, నా మాట వినేలా లేదు" అన్నాడు. ఆ ఫిల్మ్ మీద 'కుమారి కలెక్టరు' అని అచ్చయి వచ్చింది. ఇప్పటికీ నా దగ్గరే ఉంది. లోహం ఎక్స్‌రేని ఆపేస్తుంది కాబట్టి ఫిల్మ్ మీద తెల్లగా పడుతుంది. కలెక్టరు పొట్ట మధ్యలో తెల్లటి చుక్కలు, ముగ్గు మొదలుపెట్టి వదిలేసినట్టున్నాయి.

ఫిల్మ్ ఎండకేసి పట్టి చూపించాను. కరుణమ్మ చాలాసేపు చూసింది. "నేను తవుడు, నూకలు, నత్తలు తప్ప ఇంకేం పెట్టలేదండీ. దేవుడి తోడు."

"ఇసుక?"

"ఇసుక పెట్టకపోతే ఎలాగండీ?"

ఇక్కడ చదివేవాళ్లకి ఒక సంగతి చెప్పాలి. పక్షికి పళ్లుండవు. తిన్న గింజని కందనకాయలో రాళ్ల మధ్య వేసి నలుపుతుంది. ఆ రాళ్లనే మేం గ్రిట్ అంటాం. మెట్ట ఊళ్లలో కోళ్లు వీధిలో ఏరుకుంటాయి. కొల్లేటి నేల వేరు. అది నల్లటి బంకమట్టి, మనిషి లోతు తవ్వినా గులకరాయి దొరకదు. అందుకని అక్కడ బాతులు పెంచేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో ముతక ఇసుక మోసుకొచ్చి దొడ్డిలో కుప్ప పోస్తారు. బాతుల మీద ప్రేమ ఉన్నవాళ్లు చేసే పని అది.

"ఎక్కడి ఇసుకమ్మా?"

"మా మరిది ప్రకాశం దగ్గరదండీ. వల గుళ్లు పోసే ఇసుక."

ప్రకాశం షెడ్డు ఆ గట్టుకి అవతలే. చేపల చెరువుల్లో లాగే పెద్ద వలలు కుట్టి ఇస్తాడు. వల అడుగు తాడు నీళ్లలో నేలకి అంటుకుని నడవాలంటే దానికి సీసం గుళ్లు ఉండాలి. పాత బ్యాటరీల సీసం కొని, ఇనప మూకుట్లో కరిగించి, తడి ఇసుకలో చేసిన గుంటల్లో పోస్తాడు. పోసేటప్పుడు చింది పడిన చుక్కలు ఇసుకలో పూసల్లా గడ్డకడతాయి. కొన్నాళ్లకి ఇసుక మాడి నల్లబడి అచ్చు నిలవదు. అప్పుడు షెడ్డు వెనకాల పారబోస్తాడు. మంచి ముతక గోదారి ఇసుక, పారబోసింది. వదినగారు అడిగితే తనే గోనెల్లో ఎత్తి తెచ్చి దొడ్డిలో పోశాడు.

ఎక్స్‌రే చూపించి చెబితే ప్రకాశం నమ్మలేదు. తర్వాత ఆ ఇసుక దోసిట్లో తీసుకుని, వేళ్ల సందుల్లోంచి జార్చి, మిగిలిన పూసల్ని చూస్తూ ఉండిపోయాడు.

"అంటే మా వదిన బాతులకి నేనే విషం పోశానంటారు."

"తెలియక పోశావు."

"అన్నయ్య పోయాక ఆవిడికి నేను చేసిన సాయం అదొక్కటేనండీ."

అతని చేతిలోని పూసలు తీసుకుని కాగితంలో మడిచి జేబులో వేసుకున్నాను.

సీసానికి అసలు మందు చిలేషన్. అంటే ఒంట్లోని లోహాన్ని పట్టుకుని మూత్రం దారిన బయటికి లాక్కుపోయే ఇంజెక్షన్. ఏలూరులో దొరకలేదు. బెజవాడలో కొన్ని మందు బుడ్లు దొరికాయి, బాగా కూలబడిన కొన్నిటికే అవి సరిపోయాయి. కలెక్టరుతో పాటు కొన్నిటికి గొంతులోకి గొట్టం దించి నీళ్లతో కందనకాయ కడిగాను. మిగతా మందకి నాకు తెలిసినవి మొక్కలే.

ఇది నాటువైద్యం కాదు. సీసం ఒంట్లో చేరి కాలేయాన్నీ మూత్రపిండాలనీ లోలోపల తుప్పు పట్టిస్తుంది. పసుపులోని కర్కుమిన్, వెల్లుల్లిలోని గంధకపు పదార్థాలు, మునగాకులోని యాంటీఆక్సిడెంట్లు ఆ తుప్పుని కొంత ఆపుతాయి. వెల్లుల్లి ఒంట్లో సీసాన్ని కూడా కొంత తగ్గిస్తుందని పరిశోధకులు కోళ్ల మీద చూశారు. 'కొంత' అనే మాట గుర్తుపెట్టుకోండి, నేనప్పుడు పెట్టుకోలేదు. ఎండబెట్టిన మునగాకు, పసుపు, దంచిన వెల్లుల్లి, పసుపు ఒంటికి పట్టడానికి కాస్త మిరియప్పొడీ నూనే, అన్నీ తవుట్లో ముద్ద చేసి పెట్టించాను. దొడ్డిలో ఇసుకంతా ప్రకాశమే తవ్వి ఎత్తేశాడు. మునగాకు కూడా ఊరంతా తిరిగి అతనే కోసుకొచ్చాడు. వెల్లుల్లి వాసనకి గట్టు మీద పోయే చేపల లారీ ఒకటి ఆగి, "ఆవకాయ పెడతన్నారాండీ, కాస్త ముక్క రుచి చూపిస్తారా?" అని డ్రైవరు తల బయట పెట్టాడు. బాతుల ముక్కులన్నీ పసుపు రాసుకున్న పేరంటాళ్లలా తయారయ్యాయి.

చాలా పోయాయి. కానీ తక్కువ ఇసుక మింగినవి మెల్లగా లేచాయి. రెట్టల రంగు మారింది. వారం వారం వెళ్లేవాణ్ణి. ఒక పొద్దున బండి ఆపేసరికి దొడ్డిలోంచి గోల వినిపించింది. కలెక్టరు నిలబడి ఉంది. రెక్కలు ఒంటికి అంటుకుని ఉన్నాయి. నన్ను చూసి తిట్టినట్టు అరిచి, అటు తిరిగి నడిచింది. మిగిలిన బాతులు వరసకట్టి వెనకాల నడిచాయి. కరుణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను వీడియో తీసి, పసుపూ మునగాకూ సీసాన్ని జయించాయని రాసి, ఫారాల వాళ్లందరికీ పంపాను. ఆ సాయంత్రం గూడెంలో నా అంత పొడుగు మనిషి లేడు.

ప్రకాశం ఆ రోజే నన్ను పక్కకి పిలిచాడు. మూకుడు ఎత్తితే చెయ్యి పట్టు తప్పుతోందట, కడుపులో మెలిపెడుతోందట. "బాతులకి పనిచేసింది కదండీ. నేను కూడా మునగాకు తింటా సీసం కరిగించుకోవచ్చా?"

"వద్దు. ముందు ఆ పొయ్యి ఆపి, పెద్దాసుపత్రికెళ్లి రక్తం పరీక్ష చేయించుకో" అని కసిరాను. ఎందుకు అంత గట్టిగా కసిరానో అప్పుడు నాకే తెలియలేదు. అతని ప్రశ్నలో నా వీడియోకి జవాబుందని తర్వాత తెలిసింది.

ఆ తర్వాతి వారం కరుణమ్మ చిన్న బుట్టలో గడ్డి పరిచి గుడ్లు తెచ్చింది. "మళ్లీ మొదలెట్టాయండీ. ముందు మీకే."

బుట్ట చేతిలోకి తీసుకున్నాక గుర్తొచ్చింది. గుడ్డు పెంకు కట్టాలంటే పక్షి తన ఎముకల్లోంచి సున్నం లాక్కుంటుంది. సీసం ఆ ఎముకల్లోనే, సున్నం వేషం వేసుకుని కూర్చుంటుంది. సున్నంతో పాటే లేచి గుడ్డులోకి వస్తుంది. ఆ గుడ్లు తినలేదు. ఒక ల్యాబ్‌కి పంపాను. ఉండకూడనంత ఉందని వచ్చింది. ఆ సంగతి చెప్పడానికి మళ్లీ గట్టు మీదికి వెళ్లాను.

"బాతులు బాగానే ఉన్నాయి కదండీ?"

"బాతులు బాగున్నాయమ్మా. గుడ్లు బాగోలేదు."

"బాతు బాగుండి గుడ్డు బాగోకపోడమేంటండీ?"

చెప్పాను. చివరి దాకా వింది.

"పిల్లలు తింటారు కదండీ గుడ్లు" అంది తనే. మళ్లీ కాసేపటికి, "ఎన్నాళ్లు అమ్మకూడదండీ?"

"నెలలు పట్టొచ్చు. ఎన్నో చెప్పలేను."

"మాంసం కోతకి ఇచ్చెయ్యొచ్చా?"

"వద్దమ్మా. కాలేయం, ఎముకలు అన్నిట్లో ఉంటుంది."

ఆవిడ బాతుల వైపు చూసింది. పసుపు ముక్కులతో అవి తవుడు తొట్టి మీద కొట్టుకుంటున్నాయి.

"అయితే వీటిని బాగుచేసి మీరేం చేసేరండీ?"

కోపంగా అనలేదు. తెలుసుకుందామని అడిగింది.

ఆవిడ గట్టిది. గుడ్లన్నీ రోజూ గుంటలో పగలగొట్టి మన్ను కప్పేది. మేతకి ప్రకాశం తవుడు తెచ్చి వేసేవాడు. మరుసటి ఏడు దాళ్వా కోతలయ్యాక నేను అటు ఒక పని మీద వెళ్తుంటే, కోసిన చేలో మంద కనిపించింది. అన్నిటికంటే ముందు, మెడ చుట్టూ తెల్లపట్టీతో, కలెక్టరు. గుడ్లు మళ్లీ పరీక్షకి పంపాం, శుభ్రంగా ఉన్నాయని వచ్చింది.

ఈ కేసు నాకు నేర్పింది ఇది. మొక్కల్లోని మందు బాతు కాలేయానికి కాపలా కాస్తుంది. సీసాన్ని మాయం చెయ్యదు. ఆ బాతు గుడ్డు తినే పిల్లకి కాపలా కాయదు. కాపాడటమంటే అన్నాళ్లూ నేను ప్రాణం నిలబెట్టడమనే అనుకున్నాను. ఇప్పుడు ఏ ఫారంలోనైనా మేతలో పసుపు కలపమంటారా అని అడిగితే ముందు ఇసుక చూపించమంటాను, నీళ్లు ఎక్కడివని అడుగుతాను. దోసిట్లో ఇసుక జార్చి చూస్తుంటే కుర్రాళ్లు నవ్వుకుంటారు.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కత్తెర మీద ప్రమాణం చేశాను కాబట్టి కుదరడం లేదు.

మీరు అబద్ధమనుకున్నవన్నీ నిజం. బాతుకి మనుషుల సెంటరులో ఎక్స్‌రే తీయించడం నిజం, కుమారి కలెక్టరు నిజం, ఆవకాయ అడిగిన డ్రైవరు నిజం. నేను కల్పించింది ఒక్కటే. ఆ కోసిన చేలో మంద లేదు. మరుసటి ఏడంటూ ఆ బాతులకి లేదు.

అమ్ముకోలేని గుడ్లు పెట్టే మందని నెలల తరబడి మేపడం కరుణమ్మ వల్ల కాలేదు, ప్రకాశం వల్లా కాలేదు. వదిలేస్తే ఎవరో పట్టుకుని తింటారని ఆవిడే అంది. నన్నే పిలిచింది. లేవదీసిన బాతుల్ని నా చేతులతోనే చంపాను. ఒక్కొక్కదాన్నీ ఆవిడ ఎత్తి నాకు అందించింది. గుంట ప్రకాశం తవ్వాడు. కలెక్టర్ని చివరికి ఉంచింది. అది ముందు వెళ్లకపోతే మిగతావి కదలవేమో అనుకున్నాను గాని, ఒకటి తర్వాత ఒకటి అన్నీ వచ్చాయి.

టీ కొట్టు దగ్గర ఈ కథ చెప్పినప్పుడల్లా కలెక్టర్ని బతికించేవాణ్ణి. ఆ మధ్య ఆకివీడులో రొయ్యల షెడ్డు వ్యాను కోసం నిలబడ్డ ఆడవాళ్లలో కరుణమ్మ కనిపించింది. చేతులు కొంగులో చుట్టుకుని ఉంది. దండం పెట్టడానికి కూడా బయటికి తియ్యలేదు.

"బాగున్నారాండీ? మా కలెక్టరు ఇంకా తిరుగుతోందని చెబుతున్నారంట కదా. తవుడు కొట్టాయన చెప్పేడు."

దొరికిపోయాను. "ఏదో నోరు జారి..." అని నీళ్లు నమిలాను.

"ఎక్కడ తిరుగుతోందండీ?"

ఆవిడ ముఖం చూశాను. వేళాకోళం లేదు.

"దెందులూరు వైపమ్మా. కోసిన చేలల్లో."

"గుడ్లెడతందా అండీ?"

"పెడుతోందమ్మా."

"మంచియ్యేనా?"

"మంచివే."

వ్యాను వచ్చింది. ఆవిడ తలూపి, చేతులు బయటికి తియ్యకుండానే, మోచేత్తో తలుపు పట్టుకుని ఎక్కింది.